గోడ నాది

ఆమె పోయిన సంగతి నాకు పదకొండు రోజుల తరువాత కోరుట్ల బస్టాండులో తెలిసింది. చెప్పింది ఆమె బిడ్డ. బీడీల ఆకు, తంబాకు మూట కట్టుకుని ఊరి బస్సు కోసం నిలబడి ఉంది. నన్ను చూడగానే మూట కింద పెట్టి, నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది.

"దవాఖానల మూడు రోజులున్నదక్కా. ఆఖరి దినం మంచం పక్కన గోడను ఏలితోని కొట్టి సూసింది. 'సిమెంటు తక్కువేసిండ్రు బిడ్డా, ఉత్త ఇసుకనే ఉన్నది. మంచం గా దిక్కు జరుపుమను' అన్నది. నర్సు నవ్వుకుంట జరిపింది. ఇగ గంతే, మల్ల మాట్లాడలే."

చెబుతూ చెబుతూ ఆ పిల్ల కూడా నవ్వేసింది. నేనూ నవ్వాను. బస్టాండులో ఇద్దరు ఆడవాళ్లం కళ్లు తుడుచుకుంటూ నవ్వుతుంటే జనం వింతగా చూశారు.

ఆమె పేరు ఇక్కడ రాయను. పేరు కాగితం మీద పడటం ఆమెకు గిట్టేది కాదు. కాగితం మీద పడ్డ పేరు ఎవరి చేతుల్లోకి పోతుందో తెలియని కాలంలో బతికిన మనిషి. మేమంతా అవ్వ అనేవాళ్లం. నేనూ అవ్వ అనే అంటాను.

మా ఊరు కోరుట్ల నుంచి రుద్రంగి పోయే తోవకు కొంచెం లోపలికి ఉంటుంది. మేము సాలోళ్లం. మా వాడకట్టులో ఇరవై ముప్పై పెంకుటిళ్లు, ఇంటికో మగ్గం. నేను కోడలిగా వచ్చేనాటికి అవ్వకు యాభై దగ్గర పడి ఉంటాయి. ఊరి చివర, చర్చి పక్క వాడలో ఉండేది. మన్ను తవ్వడం, తడపడం, తొక్కడం, ముద్దలు చేసి గోడ మీది మేస్త్రికి అందించడం, మేస్త్రి రాకపోతే తానే గోడ పెట్టడం, ఇదీ ఆమె పని. మా వాడకట్టు గోడలన్నీ ఆమె కాళ్ల కింద నలిగిన మన్నే.

ఎవరింటికి వచ్చినా ముందు మనుషులను పలకరించేది కాదు, గోడను పలకరించేది. చూపుడు వేలు మడిచి, కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేది. వర్షాకాలమైతే చెంప కూడా ఆనించేది. ఆ చెంప మీద మట్టి అంటుకున్నా తుడుచుకునేది కాదు. కొత్త మన్ను తెస్తే చిటికెడు నాలుక మీద వేసుకునేది. ఉప్పగా ఉంటే చౌడు అని ఉమ్మేసి, బండిని తిప్పి పంపించేది. బండి తోలుకొచ్చిన మొగవాళ్లు తిట్టేవారు. "తిట్టుర్రి. తిట్టి తోలుకపోర్రి" అనేది.

మా అత్తమ్మకు అవ్వ అంటే పడేది, కానీ ఆమెకు చెంబు చేతికిచ్చేది కాదు. దోసిట్లో నీళ్లు పోసేది. ఒకసారి అవ్వ దోసిలి పట్టకుండా నిలబడి అడిగింది.

"అక్కా, నువ్వు పండుకునే అర్ర నా కాళ్లతోని తొక్కిన మన్నే గద. గోడకు లేని అంటు చెంబుకెక్కడిది?"

అత్తమ్మ అయినా చెంబు ఇవ్వలేదు. అవ్వ ఆ రోజు నీళ్లు తాగకుండానే పని చేసి వెళ్లిపోయింది. వెళుతూ వెళుతూ తూర్పు గోడ మీద చెయ్యేసి, నాకు వినపడేటట్టు అంది. "ఇల్లు మీది. గోడ మాత్రం నాది."

ఆ మాట ఆమె ఊరికే అనలేదని నాకు తరువాత తెలిసింది.

అవి పోలీసు జీపులు, అడవిలోని అన్నలు ఒకరి వెనక ఒకరు ఊళ్లోకి వచ్చిపోయే రోజులు. వాళ్లొచ్చారా అని వీళ్లు అడిగేవారు, వీళ్లొచ్చారా అని వాళ్లు అడిగేవారు. చీకటి పడకముందే తలుపులు మూసుకునేవాళ్లం. కొత్త మనిషి ఊళ్లోకి వస్తే ఎవరు, ఎక్కడి నుంచి, ఏం పని అని అడగడం మా వాళ్లు పూర్తిగా మానేశారు. అడిగినవాడి మీదికే ఏదో ఒకటి వచ్చి పడుతుందని భయం. గోడల మందు అమ్మేవాడు మా ఊళ్లోకి రాగలిగింది ఆ భయం తెరిచి పెట్టిన దారిలోనే.

వానలు పడే ముందు వచ్చాడు. తెల్ల జీపు, నున్నగా గీసిన గడ్డం, తోలు సంచి. జగిత్యాలలో కంపెనీ ఆఫీసు ఉందన్నాడు. సంచిలోంచి ఒక మీటరు తీశాడు. దానికి రెండు సూదులు, అద్దం కింద ఒక ముల్లు. సూదులు మా తూర్పు గోడకు ఆనించగానే ముల్లు గిర్రున ఎర్రగీత దాకా పోయింది.

"చూశారా అమ్మా, గోడ లోపలంతా తేమే. పైకి మంచిగా కనిపిస్తుంది. ఈ వర్షాకాలం ఆగడం కష్టం. మగ్గం మీద పడుతుంది, లేకపోతే మనిషి మీద."

అత్తమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. మా మామ చనిపోయి అప్పటికి రెండేళ్లు. నా భర్త సిరిసిల్లలో పవర్‌లూమ్ మీద పనికి పోయి పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

"మా కంపెనీ మందు పూస్తే ఇరవై ఏళ్లు చుక్క నీరు దిగదు. ఇప్పుడు పైసలు కూడా వద్దు. ఇంటి కాగితాలు మా దగ్గర పెట్టండి, ఈ బాండు మీద సంతకం చేయండి, మెల్లగా కట్టుకోండి."

మా వాడకట్టు కోడళ్లలో పదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే. అందరూ నా మొహం చూశారు. బాండు తీసుకుని చదివాను. సగం ఖాళీలే ఉన్నాయి. అవేమిటని అడగబోయాను. ఆయన నవ్వి, గొంతు తగ్గించి, "ఠాణాలో కూడా మన మందే పూసినం అమ్మా. సార్లు చూసే ఒప్పుకున్నారు" అన్నాడు. ఠాణా మాట వినగానే అడగడం మానేసి, చదివినట్టే తల ఊపాను. అత్తమ్మ వేలిముద్ర వేసింది. సాక్షిగా నేను సంతకం చేశాను. నన్ను చూసి ఎదురింటి తాత చేశాడు, ఆయనను చూసి మరో పది ఇళ్లవాళ్లు చేశారు. పక్క వాడలో మాత్రం ఠాణా పేరు ఎత్తలేదట. అక్కడ, అన్నలకు మేం తెలుసు అన్నాడట.

నాలుగు రోజుల్లో గోడలు పాలరాయిలా మెరిశాయి. సబ్బు, కిరోసిను కలిసినట్టు వాసన.

అవ్వ అప్పుడు ఊళ్లో లేదు. ముత్యంపేట దిక్కు పనికి పోయి వారం తరువాత వచ్చింది. మా ఆకిట్లో నిలబడి తూర్పు గోడను కణుపుతో కొట్టింది. మళ్లీ కొట్టింది. చెవి ఆనించింది. మెల్లగా నా వైపు తిరిగింది.

"నా గోడకు ప్లాస్టిక్ సంచి తొడిగింది ఎవడు?"

చెప్పాను. ముల్లు ఎర్రగీత దాకా పోయిందని కూడా చెప్పాను.

"మట్టిగోడ ఊపిరి తీస్తది పిల్లా. నేలల తడి పీల్చుకుంటది, గాలికి ఇడుస్తది. నువ్వు దాని ముక్కు నోరు మూసినవ్. ఇగ లోపల్నే నానుతది, లోపల్నే కూలుతది." అంతటితో ఊరుకోలేదు. "నువ్వు సదువుకున్నదానివి గద. ఖాళీ కాయిదం సదివితే ఏం కనవడ్డది?"

నాకు ఏడుపొచ్చింది. అవ్వ అది పట్టించుకోలేదు. నడుముకు దోపుకున్న తాపీ తీసి గోడ గీకడం మొదలుపెట్టింది. గీకితే బాండు ప్రకారం ఇంటి కాగితాలు తిరిగి రావని ఆయన చెప్పాడని అత్తమ్మ అడ్డం పోయింది.

"బాండు నీది. గోడ నాది. పక్కకు జరుగు."

తెల్ల పొర చెక్కలు చెక్కలుగా ఊడిపడింది. దాని వెనక మన్ను అప్పుడే తడిపినట్టు నల్లగా ఉంది. వేలు పెడితే దిగింది. వారం కిందట ఎండుగా ఉన్న గోడ. అత్తమ్మ లోపలికి పోయి గొడ్డలి తెచ్చి, దాని వీపుతో తనూ కొట్టడం మొదలుపెట్టింది. మూడో మనిషిగా నేను కొడవలి పట్టుకున్నాను.

మిగతా ఇళ్లవాళ్లు గీకనివ్వలేదు. ఎదురింటి తాత అయితే తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు. "మట్టి మోసేదానివి, కంపెనోళ్ల కంటె నీకెక్కువ ఎరుకనా?" అన్నాడు. అవ్వ ఒక్కమాట చెప్పింది. "తాతా, మగ్గమన్న ఇవతలి గోడ దిక్కు జరుపుకో." ఆయన జరపలేదు.

రెండు రోజులకు జీపు మళ్లీ వచ్చింది. మిగిలిన ఇళ్లను చూడటానికి బోరింగు దగ్గర ఆగింది. ఆయన మీటరు తీసి ఒక గోడకు ఆనించాడు. ముల్లు లేచింది. జనంలోంచి అవ్వ ముందుకొచ్చింది.

"సారూ, గది గీ బండకు పెట్టు."

బోరింగు దగ్గర ఎండకు కాలుతున్న బట్టలుతికే బండ. ఆయన వినపడనట్టు తిరిగాడు. అవ్వ ఆయన చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని మీటరును బండకు ఆనించింది. ముల్లు ఎర్రగీతకు పోయింది.

"బండల తేమ ఉన్నది. మంచిది. ఇగ నీ జీపుకు పెడదాం."

జీపు తలుపుకు ఆనించింది. ముల్లు లేచింది. టైరుకు ఆనించింది. లేచింది. ఆయన చెయ్యి వదిలించుకోవాలని చూస్తున్నాడు. ఆమె మన్ను ముద్దను అదిమినట్టు ఆ చెయ్యిని అదిమి పట్టుకుని, చివరకు సూదులు ఆయన తోలు చెప్పుకే ఆనించింది. అక్కడా లేచింది.

"అయ్యో సారూ, నీ చెప్పు గీ వానకాలం ఆగదు. మందు పూసుకో. పైసలు మెల్లగ కట్టుకో."

వాడకట్టంతా ఒక్కసారి నవ్వింది. ఎన్ని నెలలయిందో మా వాడకట్టులో అంతమంది కలిసి నవ్వి! ఆయన మొహం కందగడ్డలా అయింది. జీపు ఎక్కి, "నీ వెనక ఎవరున్నరో నాకు తెలుసు. ఠాణాలో చెప్పి తోలు తీయిస్తా" అని వెళ్లిపోయాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. అందరూ ఎవరి ఇళ్లలోకి వాళ్లు పోయారు.

మరునాడు ఠాణా నుంచి కబురు వచ్చింది. అవ్వ నేరుగా మా ఇంటికి వచ్చింది. "నడువు. సదువుకున్న నోరు ఒకటి పక్కకుంటె మంచిది" అంది. అత్తమ్మ వద్దంది. నేనూ వద్దనుకున్నాను. కానీ బాండు మీద సంతకం నాది. వెళ్లాను.

ఆ రోజుల్లో ఠాణా మెట్లెక్కిన ఆడది ఎట్లా దిగుతుందో ఎవరూ చెప్పలేరు. అవ్వ మాత్రం అక్కడ కూడా ముందు గోడనే చూసింది.

ఎస్సై కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు. "ఏ సంఘమే నీది? జనాన్ని జమచేసి కంపెనోళ్ల మీదికి ఉసిగొల్పుతున్నవట. నీ వెనక ఎవరున్నరు?"

"నా ఎనక గోడున్నది సార్."

నేను కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడుతుందనుకున్నాను. టక్ టక్ అని చప్పుడు వినిపించింది. కళ్లు తెరిచేసరికి అవ్వ తన వెనక ఉన్న ఠాణా గోడను కణుపుతో కొడుతోంది. అదీ తెల్లగా మెరుస్తోంది.

"మీకు గూడ పూసిండా సార్? మీది పాత మట్టిగోడనే." గోటితో ఒక మూల లాగింది. అరచేయంత పొర ఊడి వచ్చింది. వెనక నల్లటి తడి. ఆ తడి మన్నులోకే తుపాకులు వేలాడదీసిన కొయ్య గుంజ దిగ్గొట్టి ఉంది. అవ్వ ఆ గుంజను రెండు వేళ్లతో కదిపింది. అది కదిలింది.

"నాది గోడల సంఘం సార్. నేనొక్కదాన్నే ఉన్న. గీ గుంజ ఇక్కడికెళ్లి తీయించుర్రి, మీద వడితె మీ పిలగాండ్లకే దెబ్బ."

ఎస్సై లేచి వచ్చి గుంజ కదిపి చూశాడు. తరువాత జవానును పిలిచి గుంజ తీయమన్నాడు. మమ్మల్ని వెళ్లమని చేత్తో సైగ చేశాడు. ఆ కంపెనీ ఆయన మీద కేసు మాత్రం పెట్టలేదు. "వాని మీద ఫిర్యాదు రాసుకోర్రి సార్" అని అవ్వ గుమ్మంలో నిలబడి రెండుసార్లు అడిగింది. రాయలేదు.

వాన ఆ వారమే మొదలయింది. మూడో రోజు పొద్దున ఎదురింటి తాత గటక తాగడానికి మగ్గం మీది నుంచి లేచి వంటింట్లోకి పోయాడు. గిన్నె ముందు కూర్చున్నాడో లేదో, మెరుస్తున్న గోడ మెరుస్తూనే మగ్గం మీద కూలింది. మగ్గం ముక్కలయింది. సగం నేసిన చీర, పడుగు, అన్నీ మన్ను కింద పడ్డాయి. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది అవ్వే. తాత బతికి ఉన్నాడని చూసుకున్నాక, కూలిన మన్ను మీద కూర్చుని, పిడికిట్లోకి తీసుకుని, ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ మధ్యాహ్నానికి వాడకట్టులో మందు పూసిన ప్రతి గోడనూ ఎవరింటివాళ్లు వాళ్లే గీకుతున్నారు.

మరో కబురు అప్పుడే వచ్చింది. మేకలు కాసే ఒకాయన మా ఆకిట్లోకి వచ్చి, నీళ్లడిగి, నీళ్లు తాగకుండా అవ్వతో అన్నాడు. "అన్నలు అడుగుతున్నరు. గా కంపెనోడు ఏ పొద్దు ఏ తొవ్వల వస్తడో సెప్పు. మల్ల రాడు."

నాకు ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. వాణ్ని చంపుతామంటున్నారు. కూలిన మగ్గం కళ్ల ముందే ఉంది. నిజం చెబుతున్నాను, చెప్పమనే నా మనసు అంది.

అవ్వ తాపీ కింద పెట్టింది.

"నేను సెప్ప."

"ఎందుకు? వాడు మోసం చేసిండు గద."

"చేసిండు. వాడు సస్తే మా కాయిదాలు ఎవడిస్తడు? తాత మగ్గం లేస్తదా? రేపు ఠాణోళ్లచ్చి మా పోరగాండ్లను గుంజుకపోతె మీరడ్డమస్తరా?" ఆయన ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. "గోడ కూలితె నేనే పెడ్త. మనిషి కూలితె పెట్టస్తదా? పోయి గిదే మాట సెప్పు. నేనన్ననని సెప్పు."

ఠాణాలో కంటే ఆ రోజు ఆమె గొంతు గట్టిగా ఉంది. ఆయన వెళ్లాక మాత్రం రెండు చేతులూ చీర కొంగులో దాచుకుంది. తరువాత ఎన్నో రోజులు ఆమె ఇంటి దిక్కు చూస్తూ భయపడ్డాను. ఎవరూ రాలేదు.

జగిత్యాలకు వెళదామన్నది ఆమే. తొమ్మిది మంది ఆడవాళ్లం, అత్తమ్మతో సహా, గీకిన పొర పెచ్చులు గంపల్లో వేసుకుని బస్సెక్కాం. తోవలో పోలీసులు బస్సు ఆపి గంపల్లో ఏముందని అడిగారు. "మోసం" అంది అవ్వ. జవాను ఒక పెచ్చు తీసి అటూ ఇటూ చూసి, మళ్లీ గంపలోనే వేశాడు.

కంపెనీ ఆఫీసు అంటే ఒక బట్టల దుకాణం మీది అద్దె గది. మందు అమ్మినాయన మమ్మల్ని చూసి తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకున్నాడు. మేము కేకలు వేయలేదు. మెట్ల మీద కూర్చున్నాం. సంతకాలు చేయడానికి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను అవ్వ ఒక్కొక్కరినీ ఆపింది. పెచ్చు ఒకటి చేతిలో పెట్టి, "ఇరిచి సూడు" అనేది. అది బిస్కటు విరిగినట్టు విరిగేది. మా వెనకే మరో బస్సులో వచ్చిన ఎదురింటి తాత, విరిగిన తన మగ్గం చెక్కను చూపించేవాడు. మధ్యాహ్నానికి మెట్ల కింద అంగడంత జనం అయ్యారు. బట్టల దుకాణం ఆసామి పైకి పోయి తలుపు బాదాడు. "మీ పంచాయితి తెంపుకోర్రి, లేకపోతె ఇయ్యాల్నే గది ఖాళీ చేయుర్రి."

తలుపు తెరుచుకుంది. కాగితాల కట్ట బయటకు వచ్చింది. నేను మెట్ల మీద నిలబడి ఒక్కొక్కటి పేరుపేరునా చదివాను. బాండుల్లో ఖాళీలు అప్పటికే నిండి ఉన్నాయి. కట్టకపోతే ఇల్లు కంపెనీకి చెందుతుందని రాసి ఉంది. ఆ వాక్యం సగంలో ఆగిపోయాను. "ఆగకు, గట్టిగ సదువు" అంది అవ్వ. మా వాడకట్టు పన్నెండు ఇళ్ల కాగితాలూ, పక్క వాడవాళ్లవీ మాకు దొరికాయి. బాండులు అక్కడే మెట్ల మీద చింపాం.

తాత మగ్గానికి పరిహారం ఇవ్వలేదు. వారం తరువాత ఆ గదికి తాళం పడింది, జీపు మాయమయింది. వాడు ఎక్కడా పట్టుబడలేదు. తాత గోడను అవ్వ మళ్లీ పెట్టింది. మగ్గం కొనలేక ఆయన ఆ ఏడే సిరిసిల్ల పోయి పవర్‌లూమ్‌లో కండెలు చుట్టే పనికి కుదిరాడు.

అయితే నేను చెప్పదలచుకున్నది ఆ రోజు మెట్లు దిగుతుండగా జరిగింది. పెగడపల్లి నుంచి వచ్చిన ఒక ముసలామె గంప దగ్గర నిలబడి, తమ ఊళ్లో కూడా వాడకట్టు వాడకట్టంతా మందు పూయించుకుందని చెప్పింది. మేమంతా అలసిపోయి ఉన్నాం. మా కాగితాలు మాకొచ్చాయి. బస్సుకు టైమయింది. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని లాగుతోంది.

అవ్వ నన్ను చూసింది. "అవ్వి నేను పెట్టిన గోడలు గావు" అంది. గంప చంకకెత్తుకుని, "ఎవతో పెట్టే ఉంటది" అంది.

మరునాడు తెల్లారి మేమిద్దరం పెగడపల్లిలో దిగాం. వాన పడుతోంది. మొదటి ఇంటి తలుపు కొడితే, లోపలి నుంచి ఒకామె తలుపు జానెడు మాత్రం తెరిచింది. మా ఇద్దరినీ పై నుంచి కింద దాకా చూసింది. భయపడుతూ అడిగింది. "ఎవరు మీరు? ఏ సంఘపోళ్లు?"

అవ్వ నోరు తెరిచేలోపే నేను చెప్పాను.

"మేం ఎవరి సంఘం కాదక్కా. నీ గోడ చూడనీకి వచ్చినం. తలుపు మంచిగ తియ్యి."